నెలకు రెండు వందల గ్రాములు: ఐదేళ్లలోపు పిల్లల ఎదుగుదల కొలిచే పద్ధతి

ఏడాది నిండిన బిడ్డ రెండేళ్లు నిండేలోపు పెరగాల్సిన బరువు సుమారు 2.6 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల మధ్యగీత (సగం మంది పిల్లలు పైన, సగం మంది కింద ఉండే గీత) చూస్తే, ఆ పన్నెండు నెలల్లో మగపిల్లవాడు 9.6 నుంచి 12.2 కిలోలకు, ఆడపిల్ల 8.9 నుంచి 11.5 కిలోలకు చేరతారు. నెలకు 200 గ్రాముల పైచిలుకు అన్నమాట. అంగన్‌వాడీలో ప్రతి నెలా కాటా మీద మనం వెతికేది ఆ 200 గ్రాములనే. తడిసిన డైపరు ఒక్కటే 100 గ్రాములు దాటుతుంది. ఐదు తులాల వెండి కడియాలు 50 గ్రాములు. పైన స్వెట్టరు ఉంటే ఇంకో వంద. పోయిన నెల ఒంటిమీద బట్ట లేకుండా తూసి, ఈ నెల వీటన్నిటితో కలిపి తూస్తే, నెల రోజులుగా ఒక్క గ్రాము పెరగని బిడ్డ కూడా చక్కగా పెరిగినట్టే కనిపిస్తుంది. తల్లి సంతోషంగా ఇంటికి వెళ్లిపోతుంది. అదే అన్నిటికన్నా పెద్ద నష్టం.

అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు రోజూ చేసే పని ఇది. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు కూడా తెలుసుకుంటే, తమ బిడ్డను సరిగ్గా కొలుస్తున్నారో లేదో చూసుకోగలరు.

ముందు వయసు తేల్చుకోండి

బరువు, ఎత్తు ఎంత జాగ్రత్తగా తీసినా, వయసు తప్పయితే చార్టులో చుక్క తప్పుచోట పడుతుంది. మన ఇళ్లలో వయసు చెప్పే తీరులోనే ఒక చిక్కుంది. "వీడికి మూడో ఏడమ్మా" అంటుంది నానమ్మ. మూడో ఏడు నడుస్తోందంటే నిండినవి రెండేళ్లే. దాన్ని మూడేళ్లని రాసుకుంటే పన్నెండు నెలలు ఎక్కువ వేసినట్టు. మగపిల్లల ఎత్తు మధ్యగీత రెండేళ్లకు 87.1 సెం.మీ., మూడేళ్లకు 96.1. సరిగ్గా మధ్యగీత మీద ఎదుగుతున్న పిల్లవాడు ఆ ఒక్క మాటతో తొమ్మిది సెంటీమీటర్లు పొట్టివాడై, గిడసబారిన పిల్లల జాబితాలో చేరిపోతాడు.

అందుకే "ఎన్నేళ్లు?" అని అడగకండి, పుట్టిన తేదీ అడగండి. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు), జనన ధ్రువపత్రం, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, వీటిలో ఏదో ఒకటి కళ్లారా చూసి రాసుకోండి. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే, అది నిజంగా పుట్టిన రోజేనా, నమోదు చేసినవాళ్లు అంచనాగా వేసిందా అని తల్లిని అడగండి.

లెక్కలోకి వచ్చేవి నిండిన నెలలే. జనవరి 20న పుట్టిన బిడ్డను ఏప్రిల్ 15న కొలిస్తే వయసు 2 నెలలు. ఏప్రిల్ 20న కొలిస్తే 3.

కాగితమే లేకపోతే ఊరందరికీ గుర్తున్న సంఘటనలు పట్టుకోండి. వరంగల్, ములుగు వైపు అయితే మేడారం జాతర: 2022 ఫిబ్రవరి, 2024 ఫిబ్రవరి, 2026 జనవరి. భద్రాచలం చుట్టుపక్కల అయితే గోదావరి 71 అడుగులు దాటిన 2022 జూలై వరద. బాపట్ల తీరంలో మిచాంగ్ తుపాను, 2023 డిసెంబరు 5. విజయవాడలో బుడమేరు పొంగింది 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో. "వరదప్పుడు కడుపుతో ఉన్నావా, బిడ్డ చంకలో ఉందా? సంక్రాంతికి ముందా, తర్వాతా?" అని ఒక్కో ప్రశ్నతో దగ్గరకు వస్తే నెల తేలుతుంది. అలా తేల్చిన తేదీ పక్కన "అంచనా" అని రాసి పెట్టండి. తర్వాత ప్రతి నెలా అదే తేదీ వాడాలి, నెలకొకటి మార్చకూడదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా సవరించిన వయసు వాడతారు. 32 వారాలకే పుడితే 40కి ఎనిమిది వారాలు తక్కువ కాబట్టి, పుట్టిన తేదీ నుంచి లెక్కించిన వయసులో ఎనిమిది వారాలు తీసేయాలి. ఈ సవరణ చేయకపోతే బాగా కోలుకుంటున్న బిడ్డ కూడా వెనకబడినట్టు కనపడుతుంది.

తూకం

కాటాను చదునైన గట్టి నేల మీద పెట్టండి. చాప మీద, జంపఖానా మీద, పలకరాళ్ల సందు మీద పెడితే తప్పు చూపుతుంది. నాలుగు మూలలూ ఆనాయా అని చేత్తో నొక్కి చూడండి. వారానికోసారి తెలిసిన బరువు పెట్టి పరీక్షించాలి. రేషన్ షాపులోనో కిరాణా కొట్టులోనో ముద్ర ఉన్న 5 కిలోల తూకపు రాయి అడిగి తెచ్చుకోవచ్చు. అదీ దొరకకపోతే మూత తీయని లీటరు నీళ్ల సీసాలు ఐదు చాలు. సీసాల బరువంత కాస్త ఎక్కువ చూపుతుంది, అంతే. 5 కిలోల దగ్గర సరిగ్గా ఉండి 10 దగ్గర తప్పే కాటాలూ ఉంటాయి కాబట్టి రెండు చోట్లా చూడండి. తేడా 100 గ్రాములు దాటితే ఆ కాటా పక్కన పెట్టి సూపర్‌వైజరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. "మనమే 200 గ్రాములు తీసేసుకుందాం" అనే సర్దుబాటు వద్దు. తప్పు చూపే కాటా రోజూ ఒకేలా తప్పు చూపదు.

బిడ్డ ఒంటిమీద బట్టలు, డైపరు, చెప్పులు, సాక్సు, టోపీ తీసేయాలి. చలికాలం అయితే తలుపు దగ్గరకు వేసి, బట్టలన్నీ విప్పి పల్చటి దుప్పటి కప్పి ఉంచి, తూచే క్షణంలో దుప్పటి తీయండి. మొలతాడు నల్లదారమే అయితే ఉండనివ్వండి, దాని బరువు లెక్కలోకి రాదు. వెండి మొలతాడు, కడియాలు, పట్టీలు మాత్రం తీయించండి. బిగుసుకుపోయి రాకపోతే రిజిస్టరులో "కడియాలతో" అని రాసి, వచ్చే నెల కూడా వాటితోనే తూయండి. ఒక నెల వాటితో, ఒక నెల అవి లేకుండా తూస్తే మాత్రం లెక్క చెడిపోతుంది.

తల్లీబిడ్డలను కలిపి తూచే కాటా వాడే తీరు ఇది. తల్లి చెప్పులు వదిలి, కాటా మధ్యలో నిలబడాలి. చీర కుచ్చిళ్లు నేలకు ఆనకుండా కాస్త పైకి దోపుకోమనండి. ఆనితే కొంత బరువు నేల మోస్తుంది. అంకె కదలకుండా నిలిచాక, టూ ఇన్ వన్ బటను నొక్కితే సున్నా వస్తుంది. తల్లి కిందకు దిగకూడదు. ఆమె చేతుల్లోకి బిడ్డనందించండి. ఇద్దరూ కదలకుండా ఉన్నప్పుడు కనిపించేది బిడ్డ బరువు. ఆ బటను లేని కాటా అయితే ముందు బిడ్డతో, తర్వాత తల్లిని ఒక్కదాన్నే తూచి తీసివేయాలి: 54.3లోంచి 46.1 పోతే 8.2. రెండు అంకెలూ రిజిస్టరులో రాయండి, జవాబు ఒక్కటే రాయకండి. తీసివేతలో పొరపాటు జరిగితే దిద్దుకునే దారి అదొక్కటే.

పసిపిల్లల పళ్లెం కాటా ఉంటే ఆరు నెలల్లోపు వాళ్లను దాని మీదే తూయండి. ఈ వయసులో చిన్న తేడాకూ విలువ ఎక్కువ. పుట్టిన మొదటి నాలుగైదు రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. పుట్టినప్పటి బరువులో పదోవంతుకన్నా ఎక్కువ తగ్గినా, రెండు వారాలు దాటినా పుట్టినప్పటి బరువు తిరిగి రాకపోయినా ఆస్పత్రికి పంపాలి. దూలానికి వేలాడదీసే స్ప్రింగు కాటా ఇంకా కొన్నిచోట్ల వాడుతున్నారు. అందులో గీతకూ గీతకూ మధ్య 100 గ్రాములు. ఖాళీ సంచీ తగిలించి సున్నాకు తిప్పుకోండి, ముల్లు మీ కంటికి ఎదురుగా ఉండేట్టు చూసి చదవండి. కింద నుంచి పైకి చూస్తే ఒక గీత అటూ ఇటూ అవుతుంది.

బిడ్డను తూస్తే దిష్టి తగులుతుందని వెనకాడే పెద్దవాళ్లున్నారు. వాదించనక్కర్లేదు. అందరిముందూ అంకె గట్టిగా చదవకుండా, పక్కకు తీసుకెళ్లి తూచి, తల్లికి మాత్రం చూపించండి. చాలామంది ఒప్పుకుంటారు.

పడుకోబెట్టి కొలవడం

24 నెలలు నిండనివాళ్లను పడుకోబెట్టి పొడవు కొలవాలి. నిండినవాళ్లను నిలబెట్టి ఎత్తు కొలవాలి. వయసు బొత్తిగా తెలియకపోతే 87 సెం.మీ. కన్నా పొట్టిగా ఉన్నవాళ్లను పడుకోబెట్టండి.

ఇన్‌ఫాంటోమీటరుతో, అంటే పడుకోబెట్టి పొడవు కొలిచే పలకతో, ఇద్దరు మనుషుల పని. ఒక్కరే చేస్తే ఆ కొలత నమ్మదగ్గది కాదు, ఇది ఖాయం. తల వైపు పలక కదలదు, కాళ్ల వైపు పలక జరుగుతుంది. తల్లి లేదా ఆయా తల వైపు ఉండి, రెండు చేతులతో చెవులు మూసినట్టుగా తలను పట్టుకుని, మాడు గట్టిగా పలకకు ఆనేలా ఉంచాలి. బిడ్డ చూపు నిటారుగా పైకప్పు వైపుండాలి. గడ్డం ఛాతీ వైపు వంగినా, పైకి లేచినా అర సెంటీమీటరు పైనే పోతుంది.

కాళ్ల వైపు ఉన్నవాళ్లదే అసలు పని. పసిబిడ్డ మోకాళ్లు ఎప్పుడూ వంగే ఉంటాయి. మీ ఎడమచేత్తో రెండు మోకాళ్ల మీద మెల్లగా, కానీ తగ్గకుండా అదిమి కాళ్లు చాపండి. కుడిచేత్తో పలకను జరిపి అరికాళ్లకు ఆనించండి. కాలివేళ్లు పైకి చూస్తూ ఉండాలి. పలక ఆనాల్సింది మడమలకు. వేళ్లు ముందుకు చాచి పలకను తంతుంటే, అరికాలి మీద వేలితో చిన్నగా గీయండి. బిడ్డ వేళ్లు ముడుచుకోగానే పలక ఆనించి వెంటనే చదవండి. మరీ గింజుకుంటూ రెండు కాళ్లూ దొరకనప్పుడు ఒక్క కాలితోనైనా కొలవండి, కానీ ఆ కాలు పూర్తిగా చాచి ఉండాలి. బలంగా నొక్కకూడదు. అప్పుడే పుట్టిన బిడ్డల మోకాళ్లు మరీ సున్నితం.

మిల్లీమీటరు దాకా చదవండి. 74 అని కాదు, 74.3 అని. రిజిస్టరులో చూసినప్పుడు అన్ని ఎత్తులూ .0తోనో .5తోనో ముగుస్తుంటే కొలతలు కంటి అంచనాతో రాసినట్టే. నిజమైన పిల్లల ఎత్తుల్లో చివరి అంకె 0 నుంచి 9 దాకా ఏదైనా రావాలి.

బిడ్డ ఏడుస్తుంటే ఆగండి. ముందు బరువు చూడండి, అది తేలిక. తర్వాత పొడవు. పొడవు కొలిచేటప్పుడే పిల్లలు ఎక్కువ ఏడుస్తారు కాబట్టి దాన్ని చివరికి ఉంచడం మంచిది. తల్లి ముఖం బిడ్డకు కనపడేలా నిలబెట్టండి.

నిలబెట్టి కొలవడం

స్టేడియోమీటరు (నిలబెట్టి ఎత్తు కొలిచే సాధనం) గోడకు నిటారుగా ఉందో లేదో తెలియాలంటే దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీయండి, రెండూ ఒకే వరసలో ఉండాలి. గోడకు అంటించే టేపు రకమైతే సున్నా సరిగ్గా నేల మీద మొదలవుతోందా చూడండి. నేల మీద రెండు సెంటీమీటర్లు వదిలి అంటించిన టేపు కేంద్రంలోని ప్రతి బిడ్డనూ రెండు సెంటీమీటర్లు తక్కువ చూపుతుంది, ఏళ్ల తరబడి.

పుట్టు వెంట్రుకలు ఇంకా తీయించని పిల్లలకు తల మీద పిలక వేస్తారు. ఆడపిల్లలకు జడలు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు. నడినెత్తి మీద ఉన్నవి ఏవైనా సరే విప్పాలి. తిరుపతిలో తీయిస్తామని మొక్కుకున్న పిలకైతే తల్లి వెనకాడవచ్చు. విప్పడమే, కత్తిరించడం కాదని చెప్పండి. పలక జుట్టును అదిమి మాడుకు తగలాలి. పిలక మీద ఆగిన పలక రెండు మూడు సెంటీమీటర్లు దొంగ ఎత్తు ఇస్తుంది.

చెప్పులు, సాక్సు లేకుండా, పాదాలు కాస్త ఎడంగా ఉంచి నిలబెట్టండి. మడమలు, పిక్కలు, పిరుదులు, భుజాల ఎముకలు, తల వెనక భాగం, ఈ ఐదూ పలకకు ఆనాలి. బాగా బొద్దుగా ఉన్న పిల్లలకు, వీపు వంగిన పిల్లలకు ఐదూ ఆనకపోవచ్చు, అప్పుడు వీలైనన్ని. ఆయా కింద కూర్చుని ఒక చేత్తో మోకాళ్లు, ఇంకో చేత్తో చీలమండలు పట్టుకోవాలి. మడమలు లేస్తున్నాయేమో చూడాల్సింది ఆమే. టీచరు బిడ్డ గడ్డాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, చెవి రంధ్రం, కంటి కింది అంచు ఒకే అడ్డగీతలో ఉండేలా తల నిలపాలి. "నాన్నా, అదిగో ఆ బొమ్మ చూడు" అని ఎదురుగోడ మీద కంటి ఎత్తులో ఏదైనా అంటించి ఉంచితే తల తిప్పడం తగ్గుతుంది. పొట్ట మీద అరచేత్తో మెల్లగా అదిమితే బిడ్డ పూర్తి ఎత్తుకు నిటారుగా నిలబడుతుంది. అప్పుడు పలక దించి చదవండి.

పడుకోబెట్టి తీసిన కొలత, నిలబెట్టి తీసిన కొలత కన్నా 0.7 సెం.మీ. ఎక్కువ వస్తుంది. కాబట్టి రెండేళ్లు నిండిన బిడ్డ నిలబడలేక పడుకోబెట్టి కొలిస్తే 0.7 తీసేయాలి. రెండేళ్లు నిండని బిడ్డ పడుకోనని మారాం చేసి నిలబెట్టి కొలిస్తే 0.7 కలపాలి. చిన్న అంకేమీ కాదు. 24 నెలల మగపిల్లవాడి ఎత్తుకు మైనస్ 2 గీత (చార్టులో మధ్యగీతకు కింద ఉండే హద్దు, దాని కిందకు పోతే లోపం) 81.0 సెం.మీ. పడుకోబెట్టి 81.3 వచ్చి, తీసేయడం మరిచిపోతే అతను గీతకు పైన ఉంటాడు. తీసేస్తే 80.6, గీతకు కింద. కొలతలు ఎక్కించే అంగన్‌వాడీ యాప్‌లో నమోదు చేసేటప్పుడు పడుకోబెట్టి కొలిచారా, నిలబెట్టారా అనే ప్రశ్న వస్తే నిజంగా చేసిందే గుర్తించండి. యాప్ తనే సవరించే చోట మీరు కూడా సవరిస్తే రెండుసార్లు తీసేసినట్టవుతుంది.

ప్రతి పొడవూ రెండుసార్లు కొలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రమాణాల కోసం చేసిన అధ్యయనంలో ఇద్దరు మనుషులు విడివిడిగా కొలిచేవారు. ఇద్దరి అంకెల మధ్య పొడవులో 7 మిల్లీమీటర్లు, బరువులో 100 గ్రాములు దాటితే మళ్లీ మొదటినుంచి కొలిచేవారు. అదే హద్దు మనమూ పెట్టుకోవచ్చు. పోయిన నెల కన్నా ఎత్తు తగ్గిందంటే బిడ్డ కుంచించుకుపోలేదు, రెండిట్లో ఏదో ఒక కొలత తప్పు. పాత అంకెను చెరిపేయకండి. మళ్లీ కొలిచి, ఈ నెల అంకె సరైనదే అయితే అదే రాసి, పక్కన "మళ్లీ కొలిచాం" అని గుర్తు పెట్టండి. పాత అంకెకు సరిపోయేలా కొత్త అంకెను పెంచి రాయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

జబ్బ కొలత

జబ్బ చుట్టుకొలత చూసే మూడు రంగుల టేపు 6 నుంచి 59 నెలల పిల్లలకే. వాడేది ఎడమ చేయి. మోచేయి మడిచి, భుజం చివర ఉన్న ఎముక నుంచి మోచేతి కొన దాకా కొలిచి, సరిగ్గా సగం దగ్గర పెన్నుతో చిన్న గీత పెట్టండి. చేయి వదులుగా కిందకు వేలాడనివ్వండి. గీత మీదుగా టేపు చుట్టి, టేపుకున్న చిన్న కిటికీలో కనిపించే అంకె మిల్లీమీటరుతో సహా చదవండి. 11.5 సెం.మీ. కన్నా తక్కువైతే ఎరుపు, 11.5 నుంచి 12.5 లోపు పసుపు, 12.5 నుంచి పైకి పచ్చ.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు టేపు బిగించడం. చర్మం మడత పడిందంటే బిగిసినట్టు. టేపుకూ చర్మానికీ మధ్య వెలుతురు కనిపిస్తే వదులైనట్టు. నలిగిన, సాగిన టేపు పారేయండి. ఈ కొలత తల్లులు ఇంట్లోనే నేర్చుకోగలరు, నేర్పించడం మంచిది కూడా. అయితే జబ్బ పచ్చగా ఉందని ఎత్తు, బరువు కొలవడం మానేయకండి. రెండు పద్ధతులూ అన్నివేళలా ఒకే బిడ్డను పట్టుకోవు. ఒకదాంట్లో తప్పించుకున్న బిడ్డ ఇంకోదాంట్లో దొరుకుతుంది.

పాదాల ఉబ్బు

కాటా అబద్ధం చెప్పే సందర్భం ఇది. ఒంటికి నీరు పట్టిన బిడ్డ బొద్దుగా కనిపిస్తుంది, బరువూ బాగానే తూగుతుంది. అందుకే కొలతలు తీసిన ప్రతిసారీ రెండు పాదాలూ నొక్కి చూడాలి. పాదం పైభాగంలో బొటనవేళ్లతో రెండు పాదాల మీదా ఒకేసారి మూడు సెకన్లు అదిమి పట్టుకోండి. "నూటొకటి, నూటరెండు, నూటమూడు" అని లెక్కపెడితే సరిపోతుంది. వేళ్లు తీశాక గుంట అలాగే ఉండిపోతే ఉబ్బు. వేలితో తడిమితే ఆ పల్లం తెలుస్తుంది, చామనఛాయ ఒంటి మీద కంటికన్నా వేలికే బాగా తెలుస్తుంది. ఒక్క పాదమే ఉబ్బితే అది దెబ్బో, చీమో, పుండో కావచ్చు. రెండు పాదాలూ ఉబ్బితే, బరువు ఎంతున్నా, ఆ బిడ్డ తీవ్ర పోషణ లోపం కిందే లెక్క. ఆ రోజే వైద్యుడికి చూపించాలి.

చార్టు చదవడం

మూడు ప్రశ్నలు, మూడు చార్టులు. వయసుకు తగ్గ బరువు ఉందా? వయసుకు తగ్గ ఎత్తు ఉందా? ఎత్తుకు తగ్గ బరువు ఉందా? మగపిల్లలకూ ఆడపిల్లలకూ చార్టులు వేరు. హడావిడిలో తారుమారైతే కొలతలన్నీ వృథా. మైనస్ 2 గీత కింద ఉంటే మధ్యస్థ లోపం, మైనస్ 3 కింద ఉంటే తీవ్ర లోపం. ఆరోగ్యంగా ఎదిగే పిల్లల్లో మైనస్ 2 కింద ఉండేవాళ్లు నూటికి ఇద్దరో ముగ్గురో.

"మన పిల్లలు సహజంగానే పొట్టి, ఆ తెల్లవాళ్ల లెక్క మనకెందుకు" అనే మాట తరచూ వినిపిస్తుంది. 1997 నుంచి 2003 వరకు ఆ ప్రమాణాల కోసం కొలిచిన ఆరు దేశాల్లో భారత్ ఒకటి. బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లలతో పాటు దక్షిణ ఢిల్లీ పిల్లలూ అందులో ఉన్నారు. తల్లిపాలు, మంచి తిండి, శుభ్రత, వైద్యం అందిన చోట మన పిల్లలూ దాదాపు అంతే ఎదిగారు. 2006లో వచ్చిన ఆ ప్రమాణాలను అంగన్‌వాడీలు నడిపే మన ఐసీడీఎస్ పథకం 2008లో స్వీకరించింది.

ఎత్తుకు తగ్గ బరువు లేకపోతే బిడ్డ చిక్కిపోయినట్టు: ఈ మధ్య జబ్బు చేసిందో, తిండి తగ్గిందో. అంగన్‌వాడీల్లో సామ్ (తీవ్ర లోపం), మామ్ (మధ్యస్థ లోపం) అని పిలిచేది ఈ పిల్లలనే. వయసుకు తగ్గ ఎత్తు లేకపోతే గిడసబారినట్టు: నెలలు, ఏళ్లుగా లోపం కొనసాగిందని అర్థం, కొన్నిసార్లు తల్లి కడుపులోనే మొదలై ఉంటుంది. గిడసబారిన బిడ్డ చూడ్డానికి చక్కగా ఉంటుంది, పొట్టిగా ఉందంతే, కొలవకుండా ఎవరికీ తెలియదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. మూడో వంతు పిల్లల లోపం కంటికి కనపడకుండా ఉందన్నమాట. అటు ఊబకాయం కూడా ఇదే చార్టులో తెలుస్తుంది: ఎత్తుకు తగ్గ బరువు ప్లస్ 2 దాటితే అధిక బరువు, ప్లస్ 3 దాటితే స్థూలకాయం.

ఎత్తుకు తగ్గ బరువు పట్టికలో ఎత్తులు అర సెంటీమీటరు చొప్పున ఉంటాయి. 80.1, 80.2 అయితే 80.0 చూడండి. 80.3 నుంచి 80.7 దాకా 80.5. 80.8, 80.9 అయితే 81.0.

ఇక చార్టులో చుక్క పడిన రంగు (మైనస్ 2 గీతకు పైన పచ్చ, కిందకు పోతే పసుపు) కన్నా ముఖ్యమైనది చుక్కలు కలిపిన గీత వెళ్లే దారి. ఒక పాప బరువులు చూడండి. 9వ నెల 7.3, 10వ నెల 7.3, 11వ నెల 7.4, 12వ నెల 7.4. ఆడపిల్లల చార్టులో మైనస్ 2 గీత 9వ నెలకు 6.5, 12వ నెలకు 7.0. నాలుగు నెలలూ పాప పచ్చలోనే ఉంది. రిజిస్టరు ప్రకారం ఏ లోటూ లేదు. కానీ 9వ నెలలో మైనస్ 1 గీత మీద ఉన్న పాప 12వ నెలకు, ఆ గీత 7.9కి చేరితే, అర కిలో కిందకు జారింది. చార్టు మీద చుక్కలు కలిపితే గీత పడుకుని ఉంటుంది, అచ్చువేసిన వంపులు మాత్రం పైకి పోతుంటాయి. పసుపులో పడేదాకా ఆగకుండా 10వ నెలలోనే తల్లితో కూర్చుని మాట్లాడాల్సిన బిడ్డ ఈమె. యాప్‌లో అంకె కొట్టి వదిలేస్తే ఈ జారుడు కనపడదు. చుక్కలు కలిపిన గీతను తల్లికి చూపించండి. "అమ్మా, మూడు నెలలుగా గీత పైకి లేవలేదు చూడండి" అంటే, చదువు రాని తల్లికి కూడా ఇట్టే అర్థమవుతుంది.

గీత పడుకుంటే ఏం చేయాలి

ముందు మళ్లీ కొలవండి. కొలత నిజమేనని తేలితే అడగండి: విరేచనాలయ్యాయా, జ్వరం వచ్చిందా, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారు, ఎంత పెడుతున్నారు, ఎవరు పెడుతున్నారు? "అన్నం తింటోందండీ" అనే మాటతో ఆగిపోవద్దు. ఏ అన్నమని అడగండి. చారన్నం, పల్చటి జావ అయితే పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. ముద్దపప్పు, గుడ్డు, చెంచా నూనె కలిపిన మెత్తటి అన్నం గట్టిగా ఉండాలి, చెంచాలోంచి జారిపోకూడదు. చెంచా నూనె 45 కేలరీలు ఇస్తుంది, బిడ్డ చిన్న పొట్టలో చోటు మాత్రం దాదాపు తీసుకోదు. కేంద్రంలో ఇచ్చిన బాలామృతం (పిల్లల పోషకాహార పొడి) బిడ్డే తింటోందా, ఇంట్లో అందరూ పంచుకుంటున్నారా అనేది కూడా నొప్పించకుండా అడగాలి.

ఎత్తుకు తగ్గ బరువు మైనస్ 3 కిందకు పోయినా, జబ్బ ఎరుపులో ఉన్నా ఏఎన్‌ఎంకు చూపించి ఆకలి పరీక్ష (తిండి పెట్టి బిడ్డ ఎంత తింటుందో చూడడం) చేయించాలి. ఆకలి బాగుండి, వేరే జబ్బు లేకపోతే ఇంటి దగ్గరే, కేంద్రంలోనే చూసుకోవచ్చు. తిండి ముట్టకపోయినా, తిన్నదంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, రొమ్ము గుంటలు పడుతూ ఊపిరి తీస్తున్నా, ఒళ్లు చల్లబడినా, రెండు పాదాలూ ఉబ్బినా ఆలస్యం వద్దు. 108కి ఫోన్ చేసి, పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ఆస్పత్రికి పంపండి. ఆరు నెలలు నిండని బిడ్డ చిక్కిపోతే ఆకలి పరీక్ష కోసం ఆగకుండా నేరుగా వైద్యుడి దగ్గరికే.

ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన బిడ్డను వారానికోసారి, అదే కాటా మీద, అదే పూట తూయండి. ఉబ్బుతో చేరిన బిడ్డ విషయంలో తల్లికి ముందే ఒక మాట చెప్పి ఉంచాలి: నీరు దిగుతుంటే మొదటి రోజుల్లో బరువు తగ్గుతుంది, అది మంచి లక్షణమే. చెప్పకపోతే ఆస్పత్రిలో బిడ్డ ఇంకా చిక్కిపోతోందని భయపడి మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేస్తారు. పాదాలు నొక్కితే గుంట పడని రోజున వచ్చిన బరువు రిజిస్టరులో చుట్టూ గీత గీసి పెట్టుకోండి. పెరుగుదల లెక్క మొదలుపెట్టాల్సింది ఆ అంకె నుంచి.